హింస నివారణ గ్రాంటు: లెక్కలో రూపాయి కనబడాలి, ఆమె కనబడకూడదు

ఒక వోచరుతో మొదలుపెడతాను. పైన సంస్థ పేరు అచ్చు వేసిన కాగితం, దాని మీద బాల్‌పెన్నుతో రెండు వరుసలు: ఫలానా ఊరి ఫలానా వారి కోడలిని, భర్త కొట్టినందున, ఏరియా ఆసుపత్రికి తీసుకువెళ్లిన ఆటో చార్జీ 350 రూపాయలు. కింద ఆటో డ్రైవరు సంతకం, క్షేత్ర కార్యకర్త సంతకం, తేదీ. కొన్నేళ్ల కిందట ఒక చిన్న సంస్థ లెక్కలు సరిచూడడానికి కూర్చున్నప్పుడు నా చేతికి వచ్చిన కాగితమిది. అకౌంటెంటు కళ్లతో చూస్తే ఇంతకంటే మంచి వోచరు ఉండదు, ఎందుకంటే ఎవరికి, ఎందుకు, ఎంత, ఎవరి చేతుల మీదుగా అన్న నాలుగు ప్రశ్నలకూ దానిలోనే జవాబు ఉంది. అయితే ఆ ఫైలు నా దగ్గరకు వచ్చేలోపు కార్యకర్త సంచిలో వారం రోజులు తిరిగింది, మండల కేంద్రంలోని జిరాక్స్ షాపులో ఒక పూట ఉంది, ఆడిటరు గారి ఆఫీసులో ఇద్దరు కుర్రాళ్లు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించారు. జిరాక్స్ షాపు ఆమె అత్తవారి ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది.

మహిళలపైనా బాలికలపైనా జరిగే హింసను నివారించే కార్యక్రమాలకు వచ్చే గ్రాంటును నడపడంలో ఉన్న చిక్కంతా ఆ వోచరులో ఉంది. ప్రతి రూపాయీ ఎక్కడికి వెళ్లిందో దాతకూ ఆడిటరుకూ ప్రభుత్వానికీ కనబడాలి. ఆ రూపాయి ఎవరి కోసం ఖర్చయిందో ఆమె మాత్రం ఎవరికీ కనబడకూడదు. తాగునీటి గ్రాంటుకో, పాఠశాల గ్రాంటుకో సరిపోయే లెక్కల పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే మొదటి షరతు నెరవేరి రెండోది దెబ్బతింటుంది. ఒకటి రెండు మండలాల్లో పనిచేస్తూ, పది పదిహేను మంది సిబ్బందితో, మొదటిసారి పెద్ద గ్రాంటు తీసుకోబోతున్న సంస్థలను దృష్టిలో పెట్టుకుని ఈ క్రమం రాస్తున్నాను.

డబ్బు ఏ దారిన వస్తోందో ముందు తేల్చుకోండి

గ్రాంటు మంజూరైందన్న ఉత్తరం రాగానే సంబరపడే ముందు ఆ డబ్బు చట్టం దృష్టిలో ఏ రకమైనదో తేల్చుకోవాలి, ఎందుకంటే ఖాతా, రిటర్నులు, వడ్డీ, మిగులు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. విదేశీ విరాళమైతే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే అందరూ పిలిచే ఎఫ్‌సీఆర్‌ఏ, వర్తిస్తుంది. దానికి 2020లో జరిగిన సవరణ మన వంటి సంస్థల పనితీరునే మార్చివేసింది. ఇప్పుడు విదేశీ విరాళం మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అక్కడి నుంచి మీ ఊరి బ్యాంకులోని వినియోగ ఖాతాకు మళ్లించుకోవచ్చు. ఒక సంవత్సరంలో ఖర్చుచేసిన విదేశీ విరాళంలో పరిపాలనా వ్యయం 20 శాతం మించకూడదు. అంతకు ముందు ఈ పరిమితి 50 శాతం ఉండేది. అన్నింటికంటే ముఖ్యమైన మార్పు, విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని పూర్తిగా నిషేధించడం.

ఈ చివరి మార్పు హింస నివారణ పనిని బాగా కుదిపింది. లోగడ ఒక పెద్ద సంస్థ గ్రాంటు తీసుకుని ఊళ్లలోని చిన్న మహిళా సంఘాలకు తలా కొంత పంచేది, ఆ సంఘాలు తమకు తెలిసిన పద్ధతిలో పనిచేసేవి. ఇప్పుడు అది కుదరదు. గ్రామ సంఘంతో కలిసి పనిచేయాలంటే సమావేశం హాలు అద్దె, భోజనాల బిల్లు, శిక్షకురాలి పారితోషికం వంటివి మీ సంస్థే నేరుగా చెల్లించాలి. పాత ప్రతిపాదనను కాపీ చేసి పంపే అలవాటున్న వాళ్లు "భాగస్వామ్య సంఘాలకు ఉప గ్రాంట్లు" అన్న పద్దును మరచిపోయి అలాగే ఉంచేయడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. ఆ ఒక్క వరుస మీ రిజిస్ట్రేషనుకే ముప్పు తేగలదు.

ప్రవాసాంధ్రుల సాయం విషయంలో మరో పొరపాటు తరచూ జరుగుతుంది. భారత పౌరసత్వం ఉన్న వ్యక్తి విదేశంలో ఉంటూ తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. అక్కడ రిజిస్టరైన తెలుగు సంఘం పంపేది కూడా, ఆ సంఘంలోని వారందరూ భారత పౌరులే అయినా, విదేశీ విరాళమే. కనుక మీ ఊరి బడిలో చదువుకుని డాలస్‌లో స్థిరపడిన పూర్వ విద్యార్థి ఐదు లక్షలు పంపిస్తానన్నప్పుడు కృతజ్ఞతలు చెప్పడానికి ముందు ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

దీనికి ఎదురుగా, ఐక్యరాజ్యసమితి, దాని ప్రత్యేక సంస్థలు, ప్రపంచ బ్యాంకు వంటివి ఈ చట్టంలోని విదేశీ వనరు నిర్వచనం నుంచి మినహాయింపు పొందాయి. మహిళలపై హింసను అంతమొందించడం కోసం ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానంతో 1996లో ఏర్పడిన ట్రస్టు నిధిని ఆ సమితిలోని మహిళా విభాగమైన యూఎన్ విమెన్ నిర్వహిస్తోంది. పౌరసంస్థలు నేరుగా దరఖాస్తు చేసుకోగలిగిన నిధుల్లో అది ఒకటి. అయినా ఒప్పందం మీద సంతకం చేసే ముందు డబ్బు వేసే సంస్థ మినహాయింపు జాబితాలో ఉందో లేదో మీ చార్టర్డ్ అకౌంటెంటు చేత కాగితం మీద రాయించుకోండి, నోటిమాటతో సరిపెట్టుకోవద్దు.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బుకు దారి వేరు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను కింద అర్హత ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చుచేయాలి; స్త్రీ పురుష సమానత్వం, మహిళా సాధికారత ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఉన్నాయి. మీ సంస్థకు 12ఏ, 80జీ అని పిలిచే ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లతో పాటు సీఎస్‌ఆర్-1 నమోదు సంఖ్య ఉండాలి. ఇక్కడి ఇబ్బంది చట్టంలో కంటే క్యాలెండరులో ఎక్కువగా ఉంటుంది. ఫిబ్రవరి మూడో వారంలో ఫోను వస్తుంది, మార్చి 31 లోపల ఇరవై లక్షలు ఖర్చుచేయగలరా అని అడుగుతారు. కుట్టు మిషన్లయితే కొని పంచేయవచ్చు. మగవాళ్లతో పన్నెండు వారాల సంభాషణలను ఐదు వారాల్లో కొనలేం. అలాంటప్పుడు ఆ పనిని కంపెనీ బోర్డు "కొనసాగుతున్న ప్రాజెక్టు"గా ఆమోదించేలా అడగండి. అలా ఆమోదిస్తే, ఖర్చుకాని మొత్తాన్ని కంపెనీ ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లోపు ప్రత్యేక ఖాతాలో వేసి, ఆ తరువాత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చుచేసే వీలుంది. అందుకు ఒప్పుకోకపోతే ఆ డబ్బు వద్దనడమే మంచిదని నా అభిప్రాయం. వినడానికి తేలికైన మాటే గానీ జీతాలు రెండు నెలలు బాకీ ఉన్నప్పుడు అనడం కష్టమని నాకు తెలుసు.

ప్రభుత్వ నిధులు మిషన్ శక్తి అనే కేంద్ర మహిళా పథకం కింద వస్తాయి. దాని సంబల్ విభాగంలో హింసకు గురైన మహిళలకు సేవలన్నీ ఒకే చోట అందించే సఖి కేంద్రాలు, 181 మహిళా హెల్ప్‌లైను ఉంటే, సామర్థ్య విభాగంలో శక్తి సదన్ ఆశ్రయ గృహాలు ఉన్నాయి. కేంద్ర గ్రాంటుకు జీఎఫ్‌ఆర్, అంటే ప్రభుత్వ ఆర్థిక నియమావళి, 12-ఏ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, ఖాతాలో పడిన వడ్డీని ప్రభుత్వానికి తిరిగి జమచేయాలి. విదేశీ విరాళం మీద వడ్డీ అలా కాదు, అది కూడా విదేశీ విరాళంగానే లెక్కకు వచ్చి ఎఫ్‌సీ-4 రిటర్నులో, అంటే డిసెంబరు 31 లోపు దాఖలు చేసే వార్షిక లెక్కలో, చేరాలి. మూడు రకాల డబ్బుకు మూడు ఖాతాలు, మూడు క్యాష్‌బుక్కులు తప్పవు. "ఈ నెలకు అందులోంచి వాడి వచ్చే నెల సర్దేద్దాం" అన్న మాట మీ ఆఫీసులో వినబడిన రోజే ఆపివేయండి.

ప్రతిపాదనలో ఏమి మాట ఇస్తున్నారు

మన దగ్గర హింస నివారణ గ్రాంట్లతో రాలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, తాగుడు వెనకే ఇంటికి వచ్చే దెబ్బలకు విసిగి, సారా దుకాణాన్ని మూయించిన దగ్గర నుంచి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చేదాకా వారి చేతిలో ఏ లక్ష్యాల పట్టికా లేదు. మనకు పట్టిక తప్పదు కనుక దానిలో అబద్ధం రాయకుండా ఎలా నింపాలో చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూఎన్ విమెన్ మరికొన్ని సంస్థలతో కలిసి 2019లో వెలువరించిన రెస్పెక్ట్ చట్రం నివారణను ఏడు మార్గాలుగా చెబుతుంది: దాంపత్యంలో మాట్లాడుకునే నేర్పు, మహిళల సాధికారత, సేవల అందుబాటు, పేదరికం తగ్గింపు, సురక్షిత పరిసరాలు, పిల్లల మీద హింసను అరికట్టడం, ఆలోచనలనూ కట్టుబాట్లనూ మార్చడం. ఏడింటినీ ఒకే ప్రతిపాదనలో ఇరికించే ప్రయత్నం చేయవద్దు. మీకు చేతనైన రెండింటిని ఎంచుకోండి. మూడోదిగా సేవల అందుబాటు ఎలాగూ వచ్చి చేరుతుంది, ఎందుకంటే ఊరిలో హింస గురించి మాట్లాడడం మొదలుపెట్టిన నెలలోపే ఎవరో ఒకరు మీ తలుపు తడతారు.

లక్ష్యాల దగ్గరే చాలా సంస్థలు బోల్తా పడతాయి. "18 నెలల్లో 20 గ్రామాల్లో గృహహింసను సగానికి తగ్గిస్తాం" అని రాయడం సులభం, నిరూపించడం అసాధ్యం. ఉగాండా రాజధాని కంపాలాలో సాసా అనే సముదాయ పద్ధతిని పరీక్షించినప్పుడు కూడా బస్తీల్లో పని మూడేళ్లకు దగ్గరగా సాగింది. అంతకంటే చేటు చేసేది ఫిర్యాదుల సంఖ్యను కొలమానంగా పెట్టుకుని అది తగ్గాలని రాయడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18–49 ఏళ్ల వివాహిత మహిళల్లో భర్త హింసను ఎప్పుడైనా ఎదుర్కొన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. దేశం మొత్తం మీద శారీరక లేదా లైంగిక హింసకు గురైనవారిలో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతమే. ఇంతమంది నోరు మెదపని చోట మీ పని సాగుతోందంటే మొదటి ఏడాదిలో ఫిర్యాదులు పెరగాలి. ఈ మాటను ప్రతిపాదన మొదటి పేజీలోనే రాసి పెట్టండి. ఏడాది తరువాత సమీక్ష సమావేశంలో "మీరు వచ్చాక కేసులు రెట్టింపయ్యాయి కదా" అని అడిగినప్పుడు చెప్పబోతే అది సాకులాగా వినిపిస్తుంది.

కొలవదగినవి చాలా ఉన్నాయి. మహిళలకు 181, పిల్లలకు 1098 హెల్ప్‌లైను నంబర్లు ఎంతమందికి తెలుసు, గృహహింస చట్టం కింద నియమించిన రక్షణ అధికారి ఎక్కడ కూర్చుంటారో ఎంతమంది చెప్పగలరు, భార్యను కొట్టడానికి ఫలానా కారణం సరిపోతుందని ఎంతమంది మగవాళ్లు అంటున్నారు, కొట్టిన సంగతి తెలిసినప్పుడు ఇరుగుపొరుగు వెళ్లి అడిగారా లేదా అన్నవి మొదట ఒకసారి, చివర ఒకసారి చూడవచ్చు. బాల్య వివాహాలు ఆపిన సంఖ్యను మాత్రం గొప్పగా చూపించకండి. ఆ సంఖ్య మీద ఒత్తిడి పెరిగితే ఊళ్లలో పెళ్లిళ్లు ఆగవు, పక్క జిల్లాలోని బంధువుల ఇంటికి మారతాయి. పదో తరగతి తరువాత ఎంతమంది ఆడపిల్లలు ఇంటర్‌లో చేరారో లెక్కపెట్టడం ఎక్కువ నమ్మదగిన పద్ధతి.

బడ్జెట్: మనుషుల జీతాలే కార్యక్రమం

ఒక ఉదాహరణ తీసుకుందాం. 24 లక్షల రూపాయలు, 18 నెలలు, 20 గ్రామాలు. నెలకు 14,000 చొప్పున నలుగురు క్షేత్ర కార్యకర్తలకు 10,08,000. నెలకు 22,000 చొప్పున ఒక కౌన్సిలరుకు 3,96,000. రెండూ కలిపి 14,04,000, అంటే మొత్తంలో 58.5 శాతం. దాత తరఫున వచ్చిన వారు ఈ వరుస దగ్గర ఆగి, జీతాలే ఇంత ఉంటే కార్యక్రమానికి ఏం మిగిలింది అంటారు. అప్పుడు సిద్ధాంతం చెప్పవద్దు, లెక్క చూపించండి. నలుగురుంటే ఒక్కొక్కరికి ఐదు ఊళ్లు, రోజుకొకటి చొప్పున వారానికి ఒకసారి ప్రతి ఊరికీ వెళ్లగలరు, శనివారం కాగితాలకు మిగులుతుంది. ఇద్దరికి తగ్గిస్తే 5,04,000 మిగిలే మాట నిజమే, కానీ ఒక్కొక్కరికి పది ఊళ్లై రెండు వారాలకు ఒకసారి గానీ వెళ్లలేరు. తన మనసులో మాట చెప్పుకోవడానికి ఒక మనిషిని నమ్మవలసిన స్త్రీకి ఆ రెండు వారాలు ఎంత దూరమో వివరించనక్కర లేదు. కార్యకర్తల, కౌన్సిలరు జీతాలు ఎఫ్‌సీఆర్‌ఏ నిబంధనల్లో పరిపాలనా వ్యయమా, లక్ష్య సాధనకు నేరుగా అయ్యే ఖర్చా అన్నది కూడా మొదటి రోజే మీ చార్టర్డ్ అకౌంటెంటుతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆసుపత్రి డాక్టర్ల, బడి టీచర్ల జీతాలను పరిపాలనా వ్యయం నుంచి ఆ నిబంధనలే మినహాయించాయి కనుక మీ వాదనకు ఆధారం ఉంది, కానీ నియామక పత్రంలో వారి పని స్పష్టంగా రాసి ఉండాలి.

ఎప్పుడూ మరచిపోయే పద్దులు కొన్ని ఉన్నాయి: తల్లులు సమావేశంలో కూర్చున్నంతసేపు పిల్లలను చూసుకునే మనిషికి కూలి, రాత్రిపూట ప్రయాణానికి నమ్మకమైన వాహనం, లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడే చోట్ల దుబాసీ, తాళం వేసే ఇనుప బీరువా, కార్యకర్తలు నెలకొకసారి తమ బరువు దించుకోవడానికి బయటి కౌన్సిలరుతో కూర్చునే పూట. ఈ చివరిదాన్ని దాతలు విలాసంగా చూస్తారు. ఏడాదిన్నర పాటు రోజూ ఇతరుల కన్నీళ్లు వింటున్న మనిషి, అందులోనూ తన ఇంట్లో తానే దెబ్బలు తింటున్న కార్యకర్త (ఇది మనం అనుకునేదాని కంటే ఎక్కువ), ఆరో నెలలో మానేస్తే కొత్త మనిషిని వెతికి శిక్షణ ఇచ్చే ఖర్చు ఎంతో పక్కన వేసి చూపించండి. అత్యవసర సహాయ నిధి కూడా నెలకు 4,000 చొప్పున 72,000 పెట్టుకోండి. అది లేకపోతే కార్యకర్తలు తమ జేబులోంచి ఇస్తారు, అది ఏ లెక్కకూ అందదు.

వోచరును తిరిగి రాద్దాం

ఇప్పుడు ఆ 350 రూపాయల వోచరు దగ్గరకు వద్దాం. దాన్ని ఇలా రాయవచ్చు: "అత్యవసర సహాయ నిధి, సంకేతం ఎస్-07, వైద్య సహాయ ప్రయాణం, మండల పరిధిలో, ఆటో 350 రూపాయలు." తేదీ ఉంటుంది, డ్రైవరు సంతకం ఉంటుంది, కార్యకర్త, కౌన్సిలరు ఇద్దరి సంతకాలూ ఉంటాయి. ఊరి పేరు, ఇంటి పేరు, కారణం ఉండవు. ఎస్-07 ఎవరో ఒక్క పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకానికి పుటలు అచ్చు అంకెలతో ఉండాలి, అది ఇనుప బీరువాలో ఉండాలి, తాళంచెవి కౌన్సిలరు దగ్గర ఒకటి, కార్యదర్శి దగ్గర ఒకటి ఉండాలి. అకౌంటెంటు దగ్గర ఉండకూడదు. ఆయన మీద అపనమ్మకంతో కాదు, లెక్కలు రాయడానికి ఆ పేరు ఆయనకు అవసరం లేదు కనుక. సంకేతంలో ఊరి మొదటి అక్షరమో, పుట్టిన సంవత్సరమో చేర్చవద్దు. ఐదు వందల గడపలున్న ఊరిలో అంత ఆచూకీ చాలు.

ఆడిటరు దీనికి ఒప్పుకుంటారా అని అందరూ అడుగుతారు. ముందే చెబితే ఒప్పుకుంటారు. గ్రాంటు ఒప్పందంలోనే ఒక నిబంధన చేర్పించండి: లబ్ధిదారుల గుర్తింపు పత్రాలు ఆడిటుకు ఇవ్వబడవు, వాటి బదులు సంకేతాల జాబితా, ఇద్దరు సంతకం చేసిన నెలవారీ ధ్రువీకరణ ఉంటాయి, ఆడిటరు కోరితే కౌన్సిలరు సమక్షంలో కొన్ని సంకేతాలకు పుస్తకంలో నమోదు ఉందో లేదో పేరు కప్పి చూపిస్తారు. ఒప్పందం మీద సంతకాలయ్యాక అడిగితే ఇదే నిబంధన ఏదో దాస్తున్నట్టు కనిపిస్తుంది.

డబ్బు నేరుగా ఆమె ఖాతాకు పంపడం పారదర్శకమని దాతలు ఇష్టపడతారు. చాలా ఇళ్లలో ఆ ఖాతాకు ముడిపెట్టిన ఫోను నంబరు భర్తది. డబ్బు పడగానే అతని ఫోనుకు మెసేజు వెళుతుంది, దానిలో మీ సంస్థ పేరు ఉంటుంది. యూపీఐలో పంపేటప్పుడు "డీవీ కేసు (గృహహింస కేసు) సహాయం" అని నోటు రాసిన వారిని కూడా చూశాను. అందువల్ల ఆటో డ్రైవరుకు, మందుల షాపుకు, లాడ్జికి మీరే చెల్లించి బిల్లు తీసుకోవడం మేలు. ఆమె ఖాతాకే పంపక తప్పకపోతే ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుందో ముందు ఆమెనే అడగాలి.

హాజరు పట్టీలది మరో కథ. "గృహహింస బాధితుల సమావేశం" అని పైన రాసి, పేరు, భర్త పేరు, ఊరు, ఫోను, వేలిముద్ర అని ఐదు గడులు గీసిన కాగితాన్ని గది మొత్తం తిప్పుతారు. వచ్చిన వారిలో సగం మంది అది చూసి లేచిపోయినా ఆశ్చర్యం లేదు. "గ్రామ మహిళల నెలవారీ సమావేశం" అన్న శీర్షిక నిజమే, ఎవరికీ హాని చేయదు. భర్త పేరు గడిని తీసివేయండి. ఫొటోలు వెనక నుంచి, ముఖాలు కనబడకుండా తీయండి. ఊరి ఆచూకీ ముద్రపడే ఫొటోలు కావాలని దాత పట్టుబడితే ఖాళీ హాలు ఫొటో, బ్యానరు ఫొటో పంపండి. ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే అనుకోవద్దు: అత్యాచారం వంటి నేరాల బాధితురాలి గుర్తింపును ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది, పిల్లల విషయంలో, వారిని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షను ఉంది. సిబ్బంది వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో ఎక్కడిదాకా వెళుతుందో ఎవరూ చెప్పలేరు.

రహస్యానికి చట్టం గీసిన గీత ఒకటుంది, దాన్ని కార్యకర్తలందరికీ మొదటి శిక్షణలోనే చెప్పాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన వారెవరైనా పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం పోలీసులకు తెలియజేయాలి, చెప్పకపోవడం శిక్షార్హం. కాబట్టి బడిలో ఆడపిల్లలతో మాట్లాడే ముందు "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. "నీకు ప్రమాదం ఉందని తెలిస్తే నీకు సాయం చేయగల పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తుంది, చెప్పే ముందు నీతోనే మాట్లాడతాను" అనడం నేర్పాలి. పెద్దవారి విషయంలో నిర్ణయం ఆమెదే. 2005 గృహహింస చట్టం కింద మీ సంస్థ సేవాప్రదాతగా నమోదు చేసుకుంటే, ఆమె కోరినప్పుడు గృహహింస సంఘటన నివేదికను మీరే రాసి మేజిస్ట్రేటుకూ రక్షణ అధికారికీ పంపవచ్చు, సదుద్దేశంతో చేసిన పనికి చట్టరక్షణ కూడా ఉంటుంది. గ్రాంటు మొదటి మూడు నెలల పనుల్లో ఈ నమోదును చేర్చుకోండి.

సర్వే, విడతలు, నివేదికలు

మొదట్లోనూ చివర్లోనూ చేసే సర్వేకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నైతిక సూచనలను తూచా తప్పకుండా పాటించండి. ఇంటికి ఒక్క స్త్రీనే అడగాలి, ఎవరూ లేని చోట అడగాలి, సాయం అందించే ఏర్పాటు లేకుండా హింస గురించి అడగనే కూడదు. మధ్యలో అత్తగారు వచ్చి కూర్చుంటే ఆపేసి పిల్లల టీకాల గురించో రక్తహీనత గురించో మాట్లాడడానికి వేరే ప్రశ్నల కాగితం ఒకటి చేతిలో ఉండాలి. ఇవన్నీ మన ఇళ్లలో ఒకే గదిలో ఎలా కుదురుతాయని అడిగితే, కుదరవు గనుకనే సర్వే రోజులను రెట్టింపు వేసుకోవాలని జవాబు.

గ్రాంటు డబ్బు వచ్చే విడతల సంగతి క్లుప్తంగా చెబుతాను. రెండో విడత కనీసం రెండు నెలలు ఆలస్యమవుతుందనే అంచనాతో నడవండి. పద్దుల మధ్య మార్పు అవసరమైతే ఖర్చు చేయకముందే ఈమెయిలులో అనుమతి అడిగి ఆ జవాబును ప్రింటు తీసి ఫైలులో పెట్టండి. నివేదికలో విజయగాథ కావాలని అడిగితే నలుగురైదుగురి అనుభవాలను కలిపి, అలా కలిపినట్టు కిందనే తెలియజేస్తూ రాయండి. ఒక మనిషి జీవితాన్ని పేరు మార్చి రాసినంత మాత్రాన ఊరివాళ్లు గుర్తుపట్టకుండా ఉండరు.

సిబ్బంది పది మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి, బయటి సభ్యురాలితో సహా. హింస నివారణ సంస్థలోనే మేనేజరు మీద ఫిర్యాదు వచ్చి, గ్రాంటు పోతుందన్న భయంతో దాన్ని తొక్కిపెట్టిన సందర్భం నాకు దగ్గరగా తెలుసు. చివరికి గ్రాంటు పోయింది, ఫిర్యాదు చేసిన అమ్మాయి ఉద్యోగం అంతకు ముందే పోయింది. ఇలాంటిది జరిగితే దాతకు ఎన్ని రోజుల్లో తెలపాలో ఒప్పందంలో ఉంటుంది, ఆ గడువులోనే తెలపండి.

ముగింపు నెలలు

గ్రాంటు ముగియడానికి నాలుగు నెలల ముందు కొత్త కేసులు మీ పేరు మీద తీసుకోవడం తగ్గించి, వచ్చిన వారిని మొదటి రోజు నుంచే సఖి కేంద్రానికీ, రక్షణ అధికారికీ, ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకూ (నంబరు 15100) పరిచయం చేయడం మొదలుపెట్టండి. పరిచయమంటే నంబరు రాసి ఇవ్వడం చాలదు, కార్యకర్త ఒకసారి వెంట వెళ్లాలి, ఆ బస్సు చార్జీలు బడ్జెట్‌లో ఉండాలి. నడుస్తున్న కేసుల్లో ప్రతి స్త్రీనీ, తన వివరాలు అక్కడికి పంపవచ్చా అని అడిగి, ఆమె వద్దంటే పంపకూడదు.

చివరి వారంలో తుది ఆడిటు, వినియోగ ధ్రువపత్రం, మిగులు వాపసు, కొన్న వస్తువుల జాబితా అన్నీ ఎలాగూ చేస్తారు, దాత వదలడు. ఎవరూ అడగనిది ఆ సంకేతాల పుస్తకం. కౌన్సిలరు ఉద్యోగం గ్రాంటుతో పాటే ముగుస్తుంది, ఆమె తాళంచెవిని బల్ల మీద పెట్టి వెళ్లిపోతుంది, రెండేళ్ల తరువాత ఆఫీసు మారినప్పుడు బీరువా పాత సామాన్ల వాడికి పుస్తకంతో సహా వెళ్లినా వెళుతుంది. కాబట్టి కార్యవర్గ సమావేశపు చివరి తీర్మానంగా ఇది రాయండి: పుస్తకం ఎన్నేళ్లు ఉంచాలి, ఒప్పందంలోని గడువు తీరాక ఎవరి ముందు చింపి కాల్చాలి, అప్పటిదాకా రెండు తాళంచెవులూ ఎవరెవరి దగ్గర ఉంటాయి. తీసుకున్న ఇద్దరి చేతా మినిట్స్ పుస్తకంలో సంతకాలు చేయించి, తేదీ వేయించండి.